పసిబిడ్డ లుకేమియాకు ట్రయల్ అన్నప్పుడు ఆ కాగితాలు ఎలా చదవాలి

"సిస్టర్, సంతకం ఎక్కడ పెట్టాలి?"

ట్రయల్ గురించి మాట్లాడటానికి నా ఎదురుగా కూర్చున్న తల్లిదండ్రుల్లో చాలామంది నోట ముందు వచ్చే మాట ఇదే. బిడ్డకు నాలుగు నెలలో ఐదు నెలలో ఉంటాయి. జబ్బు పేరు తెలిసి రెండు మూడు రోజులు కూడా గడిచి ఉండవు. చేతిలో ముప్ఫై నలభై పేజీల కట్ట. తల్లి ఒళ్ళో బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటే, తండ్రి ఆ కట్టను నేరుగా చివరి పేజీకి తిప్పేస్తాడు. నేను ఆ పేజీ మీద చెయ్యి పెట్టి మళ్ళీ మొదటికి తెస్తాను.

నేను పిల్లల రక్త క్యాన్సర్ వార్డులో రీసెర్చ్ నర్సుని. డాక్టరు ఒకసారి చెప్పినదాన్ని రెండోసారి, మూడోసారి కూర్చుని చెప్పడం, మందు ఎక్కించిన టైము రాయడం, రక్తం తీసిన ట్యూబుల మీద లేబుళ్ళు అంటించడం, రాత్రిపూట వచ్చే ఫోన్లు ఎత్తడం నా పని. ఏడాది లోపు పిల్లల లుకేమియాకు మందుల కాంబినేషన్లు పరీక్షించే ట్రయల్‌లో చేరతారా అని మిమ్మల్ని అడిగితే, ఆ కాగితాలు ఏ వరసలో చదవాలి, ఎక్కడ ఆగాలి, ఏం అడగాలి అని నేను రోజూ నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. మీ బిడ్డ విషయంలో ఆఖరి మాట మీదీ మీ డాక్టరుదీ.

ఒక్కటి మాత్రం ముందే చెబుతాను, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది. ఆ పేజీల్లో కొత్త మందు పేరు కోసం వెతక్కండి. ఆ ట్రయల్ ఏ ప్రశ్న అడుగుతోందో వెతకండి.

ముందు రిపోర్టు, తర్వాతే ట్రయల్ కాగితం

ట్రయల్ కట్ట తెరిచే ముందు బిడ్డ రిపోర్టులు పక్కన పెట్టుకోండి. ఒక నోటుబుక్కు కొనుక్కుని మొదటి పేజీలో మూడు సంగతులు రాయండి: జబ్బు బయటపడిన రోజుకు బిడ్డ వయసు ఎన్ని రోజులు, ఆ రోజు తెల్లకణాల సంఖ్య ఎంత, కేఎంటీ2ఏ అనే జన్యువులో మార్పు ఉందా లేదా.

ఈ మూడూ ఎందుకంటే, పసిబిడ్డల లుకేమియా పెద్ద పిల్లల లుకేమియా లాంటిది కాదు. మూడేళ్ళు, నాలుగేళ్ళ పిల్లలకు వచ్చే ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా మంచి వైద్యం అందితే పదిమందిలో తొమ్మిదిమందికి నయమవుతోంది. ఏడాది లోపు పిల్లల్లో అదే పేరున్న జబ్బు ఇంకా మొండిది. వీళ్ళలో దాదాపు నాలుగింట మూడు వంతుల మందిలో 11వ క్రోమోజోమ్ మీద ఉండే కేఎంటీ2ఏ జన్యువు తెగిపోయి, వేరే క్రోమోజోమ్ ముక్కతో అతుక్కుని ఉంటుంది. పాత కాగితాల్లో దీన్ని ఎంఎల్‌ఎల్ అని రాసేవారు, రెండూ ఒకటే. ఈ మార్పు ఉన్నప్పుడు జబ్బు మందుకు తగ్గినట్టే తగ్గి త్వరగా తిరగబెడుతుంది. బిడ్డ వయసు ఆరు నెలల లోపైతే, తెల్లకణాలు మరీ ఎక్కువగా ఉంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఇంటర్‌ఫాంట్-06 అనే పెద్ద అంతర్జాతీయ ట్రయల్‌లో పిల్లల్ని మూడు గుంపులుగా విడదీసింది వీటిని చూసే. జన్యువులో మార్పు లేనివాళ్ళు తక్కువ ప్రమాదం గుంపు. మార్పు ఉండి, ఆరు నెలల లోపు వయసుండి, తెల్లకణాలు మైక్రోలీటరుకు 3 లక్షలు దాటినా, మొదటి వారం ఇచ్చే స్టెరాయిడ్ మందు ప్రెడ్నిసోన్‌కు జబ్బు సరిగ్గా లొంగకపోయినా ఎక్కువ ప్రమాదం గుంపు. మిగిలినవాళ్ళు మధ్యలో.

ఇక్కడ తల్లులు నన్ను ఇంకో మాట అడుగుతారు, గొంతు తగ్గించి: "కడుపుతో ఉన్నప్పుడు నేనేమైనా చేయకూడనిది చేశానా సిస్టర్?" లేదమ్మా. ఈ జన్యువు తెగడం బిడ్డ కడుపులో ఉండగానే జరుగుతుందని తెలుసు. పుట్టిన కొద్ది రోజులకు మడమ నుంచి తీసి అట్ట మీద ఆరబెట్టి దాచిన రక్తపు చుక్కల్ని, తర్వాత జబ్బు పడిన పిల్లల విషయంలో వెనక్కి వెళ్ళి పరీక్షిస్తే ఆ చుక్కల్లోనే ఈ మార్పు కనిపించింది. ఆ సంగతి 1997లోనే ప్రచురించారు. కణం విడిపోయేటప్పుడు జరిగిన పొరపాటు అది. ఏ తల్లీ తన బిడ్డలో దాన్ని తెచ్చిపెట్టలేదు. ఈ మాట నేను ప్రతి తల్లికీ చెబుతాను, అడగని తల్లికి కూడా.

ఇన్ని మందులు ఎందుకు

మందుల పట్టిక చూడగానే గుండె జారిపోతుంది. ప్రెడ్నిసోన్, డెక్సామెథసోన్, విన్‌క్రిస్టిన్, డౌనోరూబిసిన్, సైటరబిన్, ఆస్పరాజినేజ్, మెథోట్రెక్సేట్. ఇంత చిన్న ప్రాణానికి ఇన్నా అని.

ఒక్క మందుతో ఏమవుతుందో 1948లోనే తెలిసింది. సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి చూశారు. ఆ మందును లెడర్లే కంపెనీలో తయారుచేసింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. చావు తప్పదనుకున్న పిల్లల్లో కొందరు లేచి ఆడుకున్నారు. కానీ కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టింది. ఒక మందును తప్పించుకున్న కణాలు కాసినైనా మిగులుతాయి, అవే మళ్ళీ పెరుగుతాయి. 1960ల మొదట్లో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ నాలుగు మందులు కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు: విన్‌క్రిస్టిన్, మెథోట్రెక్సేట్, మెర్కాప్టోప్యూరిన్, ప్రెడ్నిసోన్. కణాన్ని ఒక్కో మందు ఒక్కో చోట దెబ్బతీస్తుంది. దానితో పాటు, ఒక మందు చేసే చెడు ఇంకో మందు చేసే చెడు మీద పడకుండా చూసుకున్నారు. విన్‌క్రిస్టిన్ నరాలను పట్టుకుంటుంది కానీ కౌంట్లను, అంటే రక్తకణాల సంఖ్యను, పెద్దగా పడగొట్టదు. అందుకే కౌంట్లు పడగొట్టే మందు పక్కన దాన్ని ఇవ్వగలరు. మీ బిడ్డ పట్టికలో కూడా ఈ లెక్కే ఉంటుంది. ఏ మందు దేని పక్కన ఎందుకుందో డాక్టరుని అడగండి, చెబుతారు.

సుబ్బారావు గారి బృందం చేసిన మందు కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. ఇప్పటికీ దాన్ని నరానికీ, వెన్నులోకీ ఇస్తూనే ఉన్నాం. ఆ పసుపు రంగు సీసా వేలాడదీసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు.

ప్రశ్నను పట్టుకోవడం

ఇప్పుడు కట్ట తెరవండి. "ఈ అధ్యయనం ఎందుకు చేస్తున్నాం" అనే అర్థం వచ్చే శీర్షిక మొదటి రెండు మూడు పేజీల్లోనే ఉంటుంది. దాన్ని చదివి, నోటుబుక్కులో మీ సొంత మాటల్లో ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యం చివర ప్రశ్న గుర్తు ఉండాలి. రాయలేకపోతే మీకు అర్థం కానట్టు కాదు, మేము సరిగ్గా చెప్పనట్టు. మళ్ళీ అడగండి.

అయిపోయిన ట్రయల్స్‌తో చూపిస్తాను. ఇంటర్‌ఫాంట్-99 అనేది 1999 నుంచి 2005 వరకు 22 దేశాల్లో 482 మంది పసిబిడ్డలతో జరిగింది. దాని ప్రశ్న: లింఫోబ్లాస్టిక్, మైలాయిడ్ అనే రెండు రకాల లుకేమియాలకూ వాడే మందులు కలిపిన ఈ వైద్యానికి, తర్వాత ఇంకో గట్టి విడత జోడిస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందా? జవాబు: ఆ అదనపు విడతతో లాభం కనపడలేదు. కానీ అసలు వైద్యం అంతకు ముందువాటి కంటే మెరుగ్గా పనిచేసింది. నాలుగేళ్ళ తర్వాత 47 శాతం పిల్లలు ఏ కీడూ జరగకుండా ఉన్నారు. తర్వాత వచ్చిన ఇంటర్‌ఫాంట్-06లో 651 మంది. ప్రశ్న: మొదటి నెల వైద్యం అయ్యాక, మైలాయిడ్ లుకేమియాకు ఇచ్చే మందులు ఇస్తే మేలా, లింఫోబ్లాస్టిక్‌కు మామూలుగా ఇచ్చేవే మేలా? జవాబు: మొత్తం మీద తేడా లేదు. ఆరేళ్ళకు అదే 46 శాతం దగ్గరే నిలిచింది.

పిల్లల క్యాన్సర్ ట్రయల్స్ చేసే చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ నడిపిన ఏఏఎల్ఎల్0631 ప్రశ్న ఇంకోలాంటిది. ఈ పిల్లల లుకేమియా కణాల్లో ఎఫ్ఎల్‌టీ3 అనే స్విచ్ ఎప్పుడూ గట్టిగా పనిచేస్తుంటుంది. దాన్ని ఆపే లెస్టార్టినిబ్‌ను కీమోకు జోడిస్తే పిల్లలు ఎక్కువమంది బతుకుతారా? ల్యాబ్‌లో చూస్తే బతకాలి. పిల్లల్లో చూస్తే తేడా రాలేదు.

ఈ మూడూ ఎందుకు చెప్పానంటే, "కొత్త మందు కలిపారు" అన్న మాటకు "మంచిది కలిపారు" అని అర్థం రాదు. మంచిదని ముందే తెలిస్తే ట్రయల్ పెట్టరు, నేరుగా ఇచ్చేస్తారు. తెలియదు కాబట్టే అడుగుతున్నారు. ఆ తెలియకపోవడం నిజమైనదా అని మీరు డాక్టరుని అడగవచ్చు: "ఈ రెండిట్లో ఏది మేలో మీకూ తెలియదా?" తెలియదు అని చెప్పగలిగితేనే ఆ ట్రయల్ న్యాయమైనది.

ప్రశ్న దొరికాక ఫేజ్, అంటే అది ట్రయల్ ఏ దశో, చూడండి. ఫేజ్ 1 అయితే ముఖ్యంగా ఎంత డోసు బిడ్డ తట్టుకుంటుంది అని చూస్తారు, ఎక్కువగా జబ్బు తిరగబెట్టిన పిల్లల్లో. ఫేజ్ 2 అయితే పనిచేసే సూచన ఉందా అని. ఫేజ్ 3 అయితే ఇప్పటి వైద్యంతో పక్కపక్కన పెట్టి పోల్చడం. ఫేజ్ 1 కాగితం మీద నయమవుతుందన్న ఆశ మొత్తం పెట్టుకుని సంతకం చేస్తే తర్వాత చాలా బాధపడతారు. అలా బాధపడ్డవాళ్ళను చూశాను.

లాటరీ అన్న మాట

రెండు గుంపులుంటే మీ బిడ్డ ఎటువైపు అనేది కంప్యూటరు తేలుస్తుంది. దీన్నే రాండమైజేషన్ అంటారు. పని నేర్చుకునే రోజుల్లో నేను దీన్ని "లాటరీ లాంటిది" అని చెప్పేదాన్ని. ఒకావిడ ఫోను పెట్టేసి వార్డు బయట గోడకు ఆనుకుని ఏడవడం చూసే వరకూ ఆ మాట తప్పని నాకు తట్టలేదు. వాళ్ళ పాప మామూలు వైద్యం వైపు పడింది. లాటరీ అంటే గెలుపూ ఓటమీ ఉంటాయి కదా. మా పాప ఓడిపోయింది అనుకుందావిడ. ఆ సాయంత్రం ఆమె పక్కన మెట్ల మీద కూర్చుని మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. రెండువైపులా ఉన్న పిల్లలకూ గట్టి కాంబినేషన్ వైద్యం పూర్తిగా అందుతుందని, ఏ వైపు మంచిదో ఇంకా ఎవరికీ తెలియదని, డాక్టరుకు ఎంచుకునే వీలు లేకుండా చేసింది పక్షపాతం రాకూడదనేనని. చివరికి ఆ ట్రయల్‌లో రెండు గుంపులకూ తేడా రాలేదు. అప్పటి నుంచి లాటరీ అన్న మాట నా నోట రాలేదు.

మీరు ఈ పేజీలో చూడవలసింది: రెండు ఆర్మ్‌లలోనూ, అంటే రెండు గుంపుల్లోనూ, ఒకేలా ఉన్నవి ఏవి, తేడా ఉన్నది ఏది. ఒకేలా ఉన్నవాటి మీద ఒక రంగు, తేడా మీద ఇంకో రంగు పెన్సిల్‌తో గీయండి. చాలాసార్లు పేజీ అంతా ఒకే రంగు అవుతుంది, రెండో రంగు ఒకటి రెండు వరసల్లోనే కనిపిస్తుంది. అది చూశాక చాలామందికి టెన్షన్ కాస్త తగ్గుతుంది. రాండమైజేషన్ లేని ట్రయల్ అయితే అందరికీ ఒకటే వైద్యం, పోలిక పాత పిల్లలతో ఉంటుంది. దాని సంగతి కింద చెబుతాను.

రోడ్‌మ్యాప్ పేజీ

కాగితాల్లో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది రోజులవారీ మందుల పట్టిక. మేము రోడ్‌మ్యాప్ అంటాం. దాన్ని ఫోటో తీసుకుని ఫోన్లో పెట్టుకోండి.

ఇంటర్‌ఫాంట్ పద్ధతిలో మొదటి ఏడు రోజులు ప్రెడ్నిసోన్, వెన్నులో ఒక ఇంజెక్షన్. ఎనిమిదో రోజు రక్తంలో బ్లాస్ట్ కణాలు, అంటే జబ్బు కణాలు, మైక్రోలీటరుకు వెయ్యి లోపుకు పడితే మంచి స్పందన అంటారు. అక్కడి నుంచి మిగతా మందులు మొదలవుతాయి. ఈ మొదటి నెలే ఇండక్షన్. మొత్తం వైద్యం సుమారు రెండేళ్ళు.

డోసు గడిలో లెక్క చూసి ఒక తండ్రి నన్ను నిలదీశారు: "పక్క బెడ్ బాబుకి రాసిన లెక్క ప్రకారం చూస్తే మా పాపకి తక్కువ ఇస్తున్నారు. ఎందుకు?" మంచి ప్రశ్న. పక్క బెడ్ బాబుకు రెండేళ్ళు. కీమో డోసును ఒంటి వైశాల్యం బట్టి లెక్కగడతారు, కానీ పసిబిడ్డల కాలేయం, మూత్రపిండాలు ఇంకా పూర్తిగా పాకానికి రాలేదు. అందుకే ఇంటర్‌ఫాంట్‌లో చాలా మందులకు ఆరు నెలల లోపు పిల్లలకు లెక్కలో మూడింట రెండు వంతులు, ఆరు నెలల నుంచి ఏడాది వరకు నాలుగింట మూడు వంతులు ఇచ్చారు. ఏడాది నిండితే పూర్తి డోసు. కాబట్టి బిడ్డ పెరిగేకొద్దీ అంకెలు మారతాయి. కొత్త విడత మొదలయ్యే ముందు బరువు చూశారా అని మీరూ అడగండి.

అంత జాగ్రత్త ఎందుకో ఏఏఎల్ఎల్0631లోనే కనిపిస్తుంది. మొదట్లో చేరిన 26 మంది పిల్లల్లో నలుగురు ఇండక్షన్‌లోనే చనిపోయారు. మందుల తాకిడి, ఇన్ఫెక్షన్లు ఆ చిన్న ఒళ్ళు తట్టుకోలేకపోయింది. ట్రయల్‌ను గమనిస్తున్నవాళ్ళు అక్కడితో ఆ ఇండక్షన్‌ను మార్చి, ఇంటర్‌ఫాంట్ తరహా తేలిక పద్ధతి తెచ్చారు. తర్వాతి 123 మందిలో ఇండక్షన్‌లో చనిపోయినవాళ్ళు ఇద్దరు. ఆ నలుగురి గురించి చదివినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది. ఆ పసివాళ్ళ వల్లే ఇవాళ మీ బిడ్డ పట్టిక ఇలా ఉంది. మీ కాగితాల్లో "ఎప్పుడు ఆపుతారు" అనే భాగం ఉంటుంది. దాన్ని దాటేయకండి. డేటాను ఎవరు గమనిస్తున్నారు, ఎంతమంది పిల్లలకోసారి ఆగి చూస్తారు, కీడు ఎక్కువైతే ఏం చేస్తారు. ట్రయల్ నడిపేవాళ్ళతో సంబంధం లేని కమిటీ ఉండాలి.

ఇదే పట్టికలో ఎంఆర్‌డీ అని రాసిన రోజుల చుట్టూ గుండ్రంగా గీయండి. మైక్రోస్కోపులో కనపడనంత తక్కువగా, పదివేల కణాల్లో ఒకటి మిగిలినా పట్టుకునే పరీక్ష అది. ఇంటర్‌ఫాంట్-06లో తేడా లేదని తేలాక, ఇండక్షన్ చివర ఎంఆర్‌డీ బట్టి పిల్లల్ని విడదీసి చూస్తే వేరే చిత్రం కనపడింది. జబ్బు బాగా తగ్గినవాళ్ళకు లింఫోబ్లాస్టిక్ తరహా మందులు, ఎక్కువ మిగిలినవాళ్ళకు మైలాయిడ్ తరహా మందులు మెరుగ్గా పనిచేశాయి. అందుకే ఇప్పుడు ఆ ఒక్క అంకెను బట్టి బిడ్డ దారి మారవచ్చు. మీ ట్రయల్‌లో ఎంఆర్‌డీ ఎంత వస్తే ఏం చేస్తారో, ఎముక మజ్జ మార్పిడి మాట ఎప్పుడు వస్తుందో ముందే అడిగి రాసుకోండి. ఫలితం వచ్చిన రోజు తల పనిచేయదు.

ఫలితాల అంకెలు చదవడం

కాగితంలో "ఇంతకు ముందు అధ్యయనంలో ఇంత శాతం" అని ఉంటుంది. అక్కడ ఈవెంట్-ఫ్రీ అంటే జబ్బు తగ్గకపోవడం, తిరగబెట్టడం, ఇంకో క్యాన్సర్ రావడం, చనిపోవడం, వీటిలో ఏదీ జరగకుండా ఉన్నవాళ్ళు. సర్వైవల్ అంటే బతికి ఉన్నవాళ్ళు. రెండూ వేరు. తిరగబెట్టి మళ్ళీ వైద్యంతో బతికినవాళ్ళు రెండో లెక్కలోకే వస్తారు.

ఇప్పుడు అందరూ అడిగే మందు బ్లినాటుమొమాబ్. లుకేమియా కణం మీద ఉండే సీడీ19 అనే గుర్తును ఒక చేత్తో, రోగాలతో పోరాడే బిడ్డ సొంత టీ కణాన్ని ఇంకో చేత్తో పట్టుకుని రెండిట్నీ దగ్గరకు తెస్తుంది. 2023లో వచ్చిన అధ్యయనంలో కేఎంటీ2ఏ మార్పు ఉన్న 30 మంది పసిబిడ్డలకు, ఇండక్షన్ అయ్యాక, ఇంటర్‌ఫాంట్ కీమోకు ఈ మందు ఒక్క కోర్సు జోడించారు. రెండేళ్ళ దగ్గర జబ్బు లేకుండా ఉన్నవాళ్ళు 81.6 శాతం. అదే కీమో మాత్రమే తీసుకున్న ఇంటర్‌ఫాంట్-06 పిల్లల్లో 49.4. బతికి ఉన్నవాళ్ళు 93.3 శాతం, అప్పుడు 65.8. ఇన్నేళ్ళుగా 47, 46 దగ్గర ఆగిపోయిన అంకెను చూసిన నాలాంటి వాళ్ళకు అది చిన్న విషయం కాదు.

అయినా దాన్ని ఎలా చదవాలంటే, పిల్లలు 30 మందే. పక్కపక్కన పెట్టి పోల్చలేదు, పాత ట్రయల్ పిల్లలతో పోల్చారు. చూసింది రెండేళ్ళు. మరోవైపు ఈ జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే తిరగబెడుతుంది, కాబట్టి ఆ రెండేళ్ళకు విలువ ఉంది. రెండు మాటలూ కలిపి మనసులో పెట్టుకోండి. జబ్బు తిరగబెట్టినవాళ్ళ కోసం జబ్బు కణాలు ఆధారపడే మెనిన్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే మెనిన్ ఇన్హిబిటర్లు అనే మందులు కూడా వచ్చాయి. వీటిలో రెవుమెనిబ్‌కు అమెరికాలో 2024 నవంబరులో అనుమతి ఇచ్చారు, కానీ ఏడాది దాటినవాళ్ళకు. ఏడాది లోపు బిడ్డకు ఆ తరహా మందు అంటే ఫేజ్ ఏమిటో, ఈసీజీ ఎన్నిసార్లు తీస్తారో, డిఫరెన్షియేషన్ సిండ్రోమ్ అనే ప్రమాదకరమైన దుష్ఫలితం గుర్తులు ఏమిటో అడిగి తీరాలి.

బ్లినాటుమొమాబ్ ఉన్న ట్రయల్ అయితే ఒక సంగతి దగ్గరగా చూపించాలి. ఈ మందు 28 రోజులు రాత్రీ పగలూ ఆగకుండా ఎక్కుతుంది. చిన్న సంచి, దాని నుంచి పంపు, పంపు నుంచి బిడ్డ ఛాతీలోని లైనుకు సన్నటి గొట్టం. గొట్టంలో నిలిచి ఉన్నది మందే. కాబట్టి ఆ దారిలో సెలైన్ నెట్టడం, ఇంకో మందు ఇవ్వడం చేయకూడదు. నెడితే గొట్టంలోని మందంతా ఒక్కసారిగా లోపలికి పోతుంది. వార్డులో ఆ గొట్టం మీద రెండు చోట్ల ఎర్ర టేపు అంటించి "ఫ్లష్ చేయొద్దు" అని రాస్తాను. స్నానం చేయించేటప్పుడు, డైపర్ మార్చేటప్పుడు పంపు ఎటువైపు ఉండాలో తల్లితో నా ముందే చేయించి చూస్తాను. మొదటి రోజుల్లో జ్వరం రావడం మామూలే కానీ చెప్పకుండా ఊరుకోకూడదు. బిడ్డ మరీ మగతగా ఉన్నా, వణికినా, చూపు నిలపకపోయినా వెంటనే పిలవండి.

అదనంగా తీసే రక్తం

ఈ పేజీని తేలిగ్గా తీసుకుంటారు. బిడ్డ ఒంట్లో కిలోకు సుమారు 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. ఆరు కిలోల బిడ్డకు మొత్తం అరలీటరు కూడా లేదు. కాబట్టి పరిశోధన కోసం ప్రతిసారి ఎన్ని మిల్లీలీటర్లు, మొత్తం ఎన్నిసార్లు అని అడగండి. వైద్యానికి ఎలాగూ తీసే రోజునే, అదే మత్తులో, అదే సూదితో తీస్తారా, విడిగా పొడుస్తారా? మిగిలిన శాంపిల్‌ను భవిష్యత్తు పరిశోధనకు దాచుకోవడానికి విడిగా ఒక గడి ఉంటుంది. దానికి వద్దు అని టిక్కు పెట్టినా ట్రయల్‌లో చేరవచ్చేమో అడగండి, చాలావాటిలో చేరవచ్చు.

ఇంట్లో

డైరీ రాయడం మీ వంతు. స్టెరాయిడ్ సిరప్ ఇచ్చిన టైము, కక్కితే ఎన్ని నిమిషాలకు కక్కింది, పాలు ఎన్నిసార్లు, విరేచనం ఎప్పుడు. విన్‌క్రిస్టిన్‌తో మలబద్ధకం వస్తుంది, కనురెప్ప వాలుతుంది, దవడ నొప్పికి పాలు పీల్చలేక ఏడుస్తారు. ఆకలి లేదనుకుని ఊరుకునేవాళ్ళున్నారు. కక్కిన మందును అడక్కుండా మళ్ళీ వేయకండి. డైపర్ మార్చేటప్పుడు చేతికి గ్లోవ్స్ వేసుకోండి, కీమో తర్వాత రెండు రోజులు మూత్రంలో మందు ఉంటుంది. జ్వరం 38 డిగ్రీలు చేరితే అర్ధరాత్రయినా బయల్దేరండి. పారాసిటమాల్ వేసి తగ్గుతుందేమో అని చూడకండి. కౌంట్లు లేని పసిబిడ్డకు ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది.

సంతకం

ఒక పెద్దావిడ, పాప అమ్మమ్మ, నన్ను సూటిగా అడిగింది: "మా పిల్ల మీద ప్రయోగాలు చేస్తారా అమ్మా?" నేను అవునూ కాదూ అని దాటవేయలేదు. ఇది పరిశోధనే. బిడ్డ వైద్యం కూడా ఇదే. వద్దంటే ఇప్పుడున్న మంచి వైద్యం ఇస్తారు, ఎవరూ ముఖం మార్చుకోరు. చేరాక మధ్యలో మానుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు. కానీ స్టెరాయిడ్ లాంటివి హఠాత్తుగా ఆపకూడదు కాబట్టి మాకు చెప్పి మానుకోవాలి. మీరు బయటకు వచ్చినా అప్పటిదాకా తీసుకున్న వివరాలను ఏం చేస్తారో కాగితంలో ఉంటుంది.

ఆవిడ కాసేపు ఆగి, "మరి ఇది పనిచేయకపోతే?" అంది. అప్పుడు ఏం చేస్తారో కూడా కాగితంలో ఉండాలి. లేకపోతే రాయించుకోండి.

పెన్ను ఇచ్చే ముందు నేను కాగితాలు మూసేసి, మీరు నాకు చెప్పండి అంటాను. ఈ ట్రయల్ ఏం అడుగుతోంది? మీ బిడ్డకు ఇందులో అదనంగా జరిగేదేమిటి? వద్దంటే ఏం ఇస్తారు? ఈ మూడిటికీ చూడకుండా జవాబు చెప్పగలిగితే చదివినట్టే. చెప్పలేకపోతే రేపు కూర్చుందాం. ప్రెడ్నిసోన్ వారం నడుస్తుండగానే చాలా ట్రయల్స్‌లో ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. ఎంత ఉందో అడగండి.

సంతకం పక్కన తేదీ, టైము మీ చేత్తో మీరే రాయండి. మీ కాపీ అప్పటికప్పుడే తీసుకోండి. రాత్రిపూట ఫోను చేయాల్సిన నెంబరు అందులో ఎక్కడో 20వ పేజీలో ఉంటుంది. దాన్ని నోటుబుక్కు అట్ట లోపల పెద్ద అక్షరాలతో రాసి, బిడ్డను చూసుకునే ప్రతి ఒక్కరి ఫోన్లో వేయించండి.